ఫ్రిజ్ నాబ్ చివరిసారి ఎప్పుడు తిప్పారు?

మీ ఇంట్లో ఫ్రిజ్ ఉంటే ఒక్కసారి గుర్తుచేసుకోండి. దాని లోపల ఒక నాబ్ ఉంటుంది. చుట్టూ అంకెలుంటాయి. ఆ నాబ్ చివరిసారి ఎప్పుడు తిప్పారు? చాలా ఇళ్ళలో జవాబు ఒకటే. కొన్న రోజు వచ్చిన కుర్రాడు ఎక్కడ పెట్టి వెళ్ళాడో అక్కడే ఉంది. ఎండాకాలం పోయింది, వానలొచ్చాయి, చలి వచ్చింది, నాబ్ మాత్రం కదల్లేదు. ఒక్క ఫ్రిజ్ సంగతే కాదు ఇది. గీజరు అడుగున ఉన్న మీటదీ ఇదే కథ. ఏసీ రిమోట్ నిండా బటన్లున్నా మనం నొక్కేవి రెండో మూడో. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే విషయం. ఇంట్లో ఉన్న యంత్రాల మీద పనికొచ్చే ప్రతి మీటా, ఏదో ఒకటి మారినప్పుడు తిప్పడానికే పెట్టారు. బయట వాతావరణం మారొచ్చు. వాడే నీళ్ళు మారొచ్చు. లోపల వేసే సరుకు మారొచ్చు. ఇప్పుడు ఏం మారింది అని ప్రశ్నించుకుంటే చాలు, ఏ మీట తిప్పాలో సగం తెలిసిపోతుంది. వంటింట్లో ఇది కొత్త విద్యేం కాదు. కొత్త బియ్యానికి ఎసరు తగ్గిస్తాం, పాత బియ్యానికి పెంచుతాం. ఎవరూ చెప్పక్కర్లేదు. అదే చేత్తో, పక్కనున్న ఫ్రిజ్‌కి మాత్రం ఏడాది పొడుగునా ఒకే ఎసరు పెట్టేస్తున్నాం.

ముందు ఆ ఫ్రిజ్ సంగతే చూద్దాం. నాబ్ చుట్టూ ఉన్న అంకెలు డిగ్రీలు కావు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. 5 మీద పెడితే లోపల 5 డిగ్రీలు ఉంటుందని కాదు. అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది, అంతే. కొన్ని ఫ్రిజ్‌లలో 1 నుంచి 5 దాకా ఉంటాయి, కొన్నింట్లో 7 దాకా. బయట డిజిటల్ డిస్‌ప్లే ఉన్న ఫ్రిజ్ అయితే నిజంగానే డిగ్రీలు చూపిస్తుంది. అక్కడ లెక్క తలకిందులు. అంకె తగ్గితే చల్లదనం ఎక్కువ. ఏ ఫ్రిజ్ అయినా లోపల 4 డిగ్రీల దగ్గర ఉంటే వండిన కూర, పాలు, పెరుగు భద్రంగా ఉంటాయి. మే నెలలో వంటగది కుంపటిలా ఉంటుంది, తలుపు గంటకు పదిసార్లు తీస్తాం. అప్పుడు నాబ్ ఒక అంకె పైకి జరపాలి. డిసెంబరులో ఆదిలాబాద్ లాంటి చోట రాత్రిపూట వంటగదే సగం ఫ్రిజ్. అప్పుడు ఒకటి రెండు అంకెలు కిందికి దించాలి. ఎంత దించాలో తెలుసుకోవడానికి థర్మామీటరు అక్కర్లేదు. పెరుగు మీద ఐసు పలుకులు కనిపించినా, కొత్తిమీర గడ్డకట్టి నల్లబడినా, నాబ్ ఎక్కువ మీద ఉన్నట్టు. పాలు ఒక్క రోజుకే వాసన వస్తే తక్కువ మీద ఉన్నట్టు. ఒక అంకె మార్చాక ఒక రోజు ఆగి చూడండి. గంటకోసారి తిప్పితే ఏదీ తేలదు.

ఒకే తలుపున్న పాత రకం ఫ్రిజ్ ఇంకా లక్షల ఇళ్ళలో ఉంది. దాని నాబ్ మధ్యలో చిన్న బటన్ ఉంటుంది. అది డీఫ్రాస్ట్ బటన్. ఫ్రీజరు గోడలకు తెల్లగా మంచు పేరుకుంటుంది కదా, అది కరిగించడానికి. మంచు ఎంత ఉంటే అంత చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజం దానికి వ్యతిరేకం. ఆ మంచు పొర లోపలి వేడిని గొట్టాల దాకా పోనివ్వదు, మధ్యలో అడ్డం పడుతుంది. పొర మందమయ్యేకొద్దీ కంప్రెసరు ఎక్కువసేపు తిరగాలి, కరెంటు ఎక్కువ లాగాలి. అర సెంటీమీటరు పేరుకుందంటే బటన్ నొక్కే వేళ అయినట్టే. రాత్రి పడుకోబోయే ముందు నొక్కండి. కంప్రెసరు ఆగుతుంది. మంచు కరిగి నీళ్ళు వెనక ట్రేలోకో, ఫ్రీజరు కింద పళ్ళెంలోకో దిగుతాయి. పని అయ్యాక బటన్ దానంతట అదే బయటికి వస్తుంది, ఫ్రిజ్ మళ్ళీ మొదలవుతుంది. ఈ చిన్న బటన్ సంగతి తెలియక చాకుతోనో స్క్రూడ్రైవరుతోనో మంచు పెకలించేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ పలచటి రేకులోనే గ్యాసు గొట్టాలుంటాయి. చిల్లు పడితే గ్యాసు పోతుంది, రిపేరు ఖర్చు వేలల్లో ఉంటుంది. పైగా ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్‌లలో గ్యాసు మండే రకం. రెండు తలుపుల ఫ్రిజ్‌లలో ఈ బాధ లేదు. అక్కడ ఒకటే జాగ్రత్త. లోపలి గోడకున్న గాలి కన్నాలకు గిన్నెలు అడ్డం పెట్టకూడదు.

ఇంకొకటి. కొన్ని ఫ్రిజ్‌లలో కూరగాయల డబ్బా మీద చిన్న జరుపుడు మూత ఉంటుంది. ఎవరూ దాని మొహం చూడరు. అది లోపలి తేమను బయటికి వదలడానికో, ఆపడానికో. పాలకూర, తోటకూర, కొత్తిమీర పెట్టినప్పుడు మూసెయ్యాలి, తేమ నిలిచి ఆకు వాడదు. పళ్ళు పెట్టినప్పుడు తెరవాలి. పండుతున్న మామిడి, యాపిల్, టమాటా ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. మూసి ఉంచితే ఆ వాయువు పక్కనున్న ఆకుకూరలను పసుపుపచ్చగా మార్చేస్తుంది. డబ్బా ఒక్కటే ఉంటే పళ్ళు పై అరలో పెట్టండి, డబ్బా ఆకుకూరలకు వదిలేయండి.

ఇప్పుడు వాతావరణం దగ్గరికి వద్దాం. ఏసీ గురించి అందరికీ తెలిసిన మాట ఒకటుంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారు కావాలని కేంద్రం నిర్ణయించింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. ఇంటికి రాగానే 18 మీద పెడితే గది తొందరగా చల్లబడుతుందనేది భ్రమ. గది 34 డిగ్రీలు ఉన్నప్పుడు 18 అడిగినా 24 అడిగినా ఏసీ మొదట్లో ఇచ్చే చల్లదనం ఒకటే. తేడా ఆ తర్వాతే. 24 దగ్గర ఆగాల్సింది ఆగదు. ఈ సంగతి పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. అంతగా రానిది ఇంకొకటి ఉంది. రిమోట్ మీద మోడ్ అనే బటన్ నొక్కుతూ పోతే ఒకచోట నీటిచుక్క బొమ్మ వస్తుంది. దాన్ని డ్రై మోడ్ అంటారు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉండేవాళ్ళు దీన్ని ముఖ్యంగా వినాలి. జులై, ఆగస్టులో అక్కడ ఎండ అంత తీవ్రంగా ఉండదు. బాధంతా ఉక్కపోతతోనే. చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, చెమట ఆరదు. అప్పుడు మనకు కావలసింది చలి కాదు, గాలిలో తేమ తగ్గడం. డ్రై మోడ్‌లో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, కంప్రెసరు ఆగుతూ నడుస్తుంది. గాలిలోని తేమ లోపలి చల్లటి గొట్టాల మీద నీరై, పైపులోంచి బయటికి కారిపోతుంది. గది మరీ చల్లబడదు, ఒళ్ళు మాత్రం ఆరుతుంది. అదే అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం ఈ బటన్ నొక్కితే ఏ లాభమూ ఉండదు. అక్కడ గాలి ముందే పొడి. అక్కడ మామూలు కూల్ మోడ్ కావాలి. ఒకే రాష్ట్రం, ఒకే రిమోట్. మారింది గాలి.

ఏసీ లేని ఇళ్ళ వాళ్ళకు ఇదే మాట కూలరు గురించి చెప్పాలి. కూలరుకు ఫ్యాను స్విచ్చి వేరు, పంపు స్విచ్చి వేరు. ఎందుకు వేరుగా పెట్టారు? కూలరు చల్లదనం నీళ్ళు ఆవిరవడం వల్ల వస్తుంది. ఆవిరయ్యేటప్పుడు నీరు గాలిలోని వేడిని తీసుకుంటుంది. గాలి పొడిగా ఉంటే ఆ పని జోరుగా సాగుతుంది. అందుకే రామగుండంలో, కర్నూలులో మే నెలలో కూలరు హాయి. వానాకాలంలో గాలి ముందే తేమతో నిండి ఉంటుంది. నీళ్ళు సరిగా ఆవిరవ్వవు. పంపు వేస్తే గదిలో తేమ పెరిగి ఉక్క ఇంకా ఎక్కువవుతుంది. అప్పుడు పంపు ఆపి ఫ్యాను ఒక్కటే నడపాలి. కూలరు నడుస్తున్నంతసేపూ ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉండాలి. తేమ గాలి బయటికి పోవాలి కదా. చల్లదనం పోతుందని తలుపులన్నీ బిగించి కూలరు వేసే ఇళ్ళు ఎన్నో. గంటకల్లా గది నిండా చెమ్మ.

వాతావరణం అయింది, ఇక నీళ్ళు. గీజరు కింద వేడి పెంచే తగ్గించే మీట ఉంటుంది. చాలా వాటికి అది బయటే కనిపిస్తుంది, అయినా చివరిదాకా తిప్పి వదిలేస్తారు. చిన్న లెక్క చెబుతాను. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే సుమారు 0.6 యూనిట్ కరెంటు కావాలి. 45కి తెస్తే సుమారు 0.35 యూనిట్ చాలు. దీనికి ఒక ఎదురు ప్రశ్న రావాలి. వేడి నీళ్ళయితే చన్నీళ్ళు కలుపుకుంటాం కదా, స్నానానికి పట్టే వేడి అంతే కదా, ఇక మిగిలేదేముంది? సరైన ప్రశ్నే. నలుగురు వరసగా స్నానం చేసే ఇంట్లో 60 మీద పెట్టడమే మంచిది. చన్నీళ్ళు కలుపుకుంటే ఒక ట్యాంకు నీళ్ళు ఎక్కువమందికి వస్తాయి. ఒక్కరు చేసి ఆఫీసుకు పోయే ఇంట్లో మాత్రం, మిగిలిన వేడి నీళ్ళు ట్యాంకులోనే చల్లారిపోతాయి. ఆ కరెంటు గోడకు పోసినట్టే. అంటే ఇక్కడ చూడాల్సింది ఇంట్లో ఎందరు అనేది. పెళ్ళికి చుట్టాలొచ్చినప్పుడు పైకి తిప్పండి, వాళ్ళు వెళ్ళాక కిందికి దించండి. ఇంకో కారణం కూడా ఉంది. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ ఉండే ఊళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ బోలెడు. నీళ్ళు ఎంత కాగితే హీటరు కడ్డీ మీద అంత తెల్లటి పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టిన కడ్డీ నీళ్ళను ఆలస్యంగా కాచి, చివరికి కాలిపోతుంది. ఇక్కడో జాగ్రత్త. గోరువెచ్చటి నీళ్ళు ట్యాంకులో రోజులతరబడి నిలవుంటే సూక్ష్మక్రిములు పెరుగుతాయి. ఊరెళ్ళి వచ్చినప్పుడు మీట ఒకసారి 60కి తిప్పి పూర్తిగా కాగనిచ్చి, ఆ నీళ్ళు వదిలేయండి. 60 డిగ్రీల నీళ్ళు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి. కాబట్టి ఆ పూట పిల్లల్ని స్నానాల గదిలోకి పంపకండి.

మూడోది, లోపల వేసే సరుకు. దీనికి మిక్సీకి మించిన ఉదాహరణ లేదు. 1960ల్లో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజినీరు ముంబైలో సుమీత్ మిక్సీ రూపొందించారు. ఇంట్లో ఉన్న విదేశీ బ్లెండరు మన రుబ్బుడు తట్టుకోలేక చెడిపోవడంతో ఆ ఆలోచన పుట్టిందని చెబుతారు. అంటే మన పప్పులు, మన కొబ్బరి, మన ఎండుమిరపకాయలు చూసి తయారైన యంత్రం ఇది. మరి ఆ యంత్రంలో మనం ఏం రుబ్బినా నేరుగా మూడో నంబరు మీద పెట్టేస్తాం. నాబ్‌ను ఎడమవైపు తిప్పితే పట్టుకున్నంతసేపే తిరిగి, వదిలితే ఆగే స్థానం ఒకటి ఉంటుంది. పల్స్ అంటారు, కొన్నింటి మీద ఇంచర్ అని రాసి ఉంటుంది. రోటి పచ్చడి రుచి మిక్సీలో రాదని వాపోయేవాళ్ళు దీన్ని ఒకసారి చూడాలి. రోట్లో రుచి ఎందుకొస్తుంది? కొబ్బరి, పల్లీ బరకగా నలుగుతాయి, పిండి కావు. బ్లేడు ఆపకుండా తిరిగితే అడుగునున్నది గంధం అవుతుంది, పైనున్నది పలుకులుగా మిగులుతుంది, జారు వేడెక్కుతుంది. పల్స్ మీద రెండు సెకన్లు తిప్పి ఆపితే పైనున్నది కిందికి జారుతుంది. మళ్ళీ రెండు సెకన్లు. నాలుగైదుసార్లు ఇలా చేస్తే దోసకాయ పచ్చడికి కావలసిన బరక వచ్చేస్తుంది. రోటితో సమానమని నేననను. చాలా దగ్గరికి వస్తుంది.

ఆ మిక్సీనే తలకిందులు చేసి చూడండి. ప్లగ్గు తీశాకే చూడండి. చాలా మిక్సీలకు అడుగున ఒక చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. గట్టి పిండి ఎక్కువ వేసి తిప్పితే మోటారు మీద బరువు పడుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. మోటారు కాలిపోకముందే ఈ బటన్ టక్కున బయటికి వచ్చి మిక్సీని ఆపేస్తుంది. ఇల్లాలు భయపడుతుంది. మిక్సీ పోయిందనుకుని సంచిలో పెట్టి రిపేరు షాపుకు పంపుతారు. అక్కడ చేసే పని చాలాసార్లు ఆ బటన్ లోపలికి నొక్కడమే. మిక్సీ ఆగితే ముందు నాబ్ సున్నా మీదికి తెండి. ప్లగ్గు తీయండి. జారులోంచి కొంత సరుకు తీసేయండి, లేదా కాస్త నీళ్ళు పోయండి. మోటారు చల్లారేదాకా ఆగి బటన్ నొక్కండి. అక్కడే, అడుగున, ఒక రేకు మీద ఎన్ని నిమిషాలు నడపాలో, ఎన్ని నిమిషాలు ఆపాలో రాసి ఉంటుంది. ఐదు నిమిషాలు నడిపి రెండు నిమిషాలు ఆపమని చాలావాటి మీద కనిపిస్తుంది. అట్ల పిండి ఆపకుండా పావుగంట తిప్పే ఇళ్ళలో మిక్సీలు ఎందుకు త్వరగా పోతున్నాయో ఆ రేకు చదివితే తెలుస్తుంది. బటన్ పదేపదే బయటికి వస్తుంటే మాత్రం నొక్కుతూ కూర్చోవద్దు. అప్పుడు షాపుకు తీసుకెళ్ళాల్సిందే.

ఇదంతా విన్నాక కొందరికి ఒక అనుమానం రావాలి. ఈ బటన్లన్నీ కంపెనీలు ధర పెంచుకోవడానికి పెట్టినవే కదా అని. కొంత నిజమే, ఒప్పుకుంటాను. వాషింగ్ మెషీన్ మీద పదిహేను రకాల ఉతుకులుంటే, ఒక కుటుంబానికి నాలుగు చాలు. ఫోనుతో నడిచినంత మాత్రాన ఫ్రిజ్‌లో పెరుగు ఎక్కువ రోజులు నిలవుండదు. కాబట్టి ఏ బటన్ నిజం, ఏది ఆడంబరం అని వేరుచేసుకోవాలి. ఇందాకటి ప్రశ్నే ఇక్కడా పనికొస్తుంది. ఏం మారింది? మన ఇంట్లో నిజంగా మారేదానికి జవాబిచ్చే బటన్ అయితే అది మనది. వాషింగ్ మెషీన్లో నీటి మట్టం బటన్ అలాంటిది. నాలుగు జతలు వేసినప్పుడు ట్యాంకు నిండా నీళ్ళు ఎందుకు? బట్టలు ముందు కాసేపు నానబెట్టే సోక్ బటన్ అలాంటిదే, ఉప్పునీళ్ళ ఊళ్ళలో మరీ. మిగతావి వదిలేసినా నష్టం లేదు.

తిప్పితే ఏదైనా పాడవుతుందేమో, వారంటీ పోతుందేమో అని భయపడేవాళ్ళూ ఉన్నారు. స్క్రూ విప్పి మూత తెరిస్తే వారంటీకి ఇబ్బంది. బయట చేతికందేలా పెట్టిన నాబ్ తిప్పితే ఏమీ కాదు. తిప్పడానికే పెట్టారు. దీనివల్ల మిగిలేది ఎంతలే, నెలకు పదో పరకో అనేవాళ్ళకు ఇంకో లెక్క చెప్పాలి. మన కరెంటు బిల్లు శ్లాబుల మీద నడుస్తుంది. పై శ్లాబులోకి వెళ్ళేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం. 200 దాటితే ఆ నెల బిల్లు కట్టాలి. 190కి, 205కి మధ్య తేడా 15 యూనిట్లే. ఆ 15 యూనిట్లు చాలా ఇళ్ళలో మంచు పేరుకున్న ఫ్రిజ్‌లోనో, చివరిదాకా తిప్పిన గీజరులోనో దొరకొచ్చు. కొత్త యంత్రం కొనక్కర్లేదు.

నాకు మాత్రం అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే కనిపిస్తుంది. యంత్రంతో వచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, అక్షరాలు చీమ తలకాయలంత. బటన్ మీద బొమ్మలు ఎవరికీ అర్థం కావు. పైగా షాపులో డెమో చూసేది ఒకరు, ఇంట్లో రోజూ వాడేది ఇంకొకరు. డబ్బు కట్టినాయన తల ఊపి వచ్చేస్తాడు. వంటింట్లో ఆవిడకు చేరేది ఒక్క ముక్కే, ఇది నొక్కు చాలు అని. ఇది వినియోగదారుడి తప్పు కాదు, నేర్పని వాళ్ళ తప్పు. అయినా మన చేతిలో ఉన్నది కొంత ఉంది. ఇంటికి బిగించడానికి వచ్చిన కుర్రాడు సంతకం అడిగేముందు, రోజూ వాడే మనిషిని ఎదురుగా నిలబెట్టి, ప్రతి బటన్ ఆమె చేతే నొక్కించి చూపించమని అడగండి. పది నిమిషాల పని. పాత యంత్రాలకైతే, మందుల షాపులో దొరికే తెల్లటి ప్లాస్టరు చిన్న ముక్కలు కత్తిరించి, బాల్ పెన్నుతో తెలుగులో రాసి అతికించండి. ఫ్రిజ్ నాబ్ పక్కన ఎండాకాలం ఇక్కడ, చలికాలం ఇక్కడ అని. కూలరు పంపు స్విచ్చి మీద వానాకాలం ఆపు అని. మిక్సీ అడుగున ఆగితే ఇది నొక్కు అని. తడి తగిలే చోట పైన సెల్లోటేపు వెయ్యండి, లేకపోతే సిరా నెలకే చెరిగిపోతుంది.